ఆరో వార్డు చెల్లని ఓట్లు

నవంబరు 9, ఆదివారం

స్కూల్లో మీటింగు పెట్టాం. కుర్చీలు నలభై, మనుషులు ఏడుగురు. ఆ ఏడుగురిలో నేనొకదాన్ని, నాగూర్ వలి ఒకడు, తాళం తీసిన వాచ్‌మన్ ఒకడు. పదిహేను రోజులు కూర్చుని రాసుకున్న నా ఉపన్యాసం వాచ్‌మన్ ఒక్కడే చివరిదాకా విన్నాడు. అతనైనా మళ్లీ తాళం వేసుకోవాలి కాబట్టి విన్నాడు.

వలికి జిరాక్సు షాపుంది కాబట్టి బ్యానరు ఖర్చు తప్పింది. "రాజకీయాల్లో యువత భాగస్వామ్యం" అని పెద్దక్షరాలు. మహిమ ఆ బ్యానరు వంక కాసేపు చూసి, "భాగస్వామ్యం అంటే ఏందక్కా? పొలమేమన్నా కౌలుకిస్తున్నారా?" అంది. మిగతా ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు దానికి. ఇంటరు దాకా చదివి మా అమ్మ ముఠాలో కూలికి పోతుంది. నోరు మాత్రం ఊరంత.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుంటే అమ్మ కూడా నవ్వింది. "పిలవటం రాదే నీకు. ఆదివారం మధ్యాహ్నం ఎవరొస్తారు? బట్టలుతుక్కోవటానికి దొరికేది ఆ ఒక్క పూటే గదా."

ముప్పై మంది ఆడవాళ్ల ముఠాకి మేస్త్రీ మా అమ్మ. తెల్లారి ఐదింటికి ఒక్క కేకేస్తే ముప్పై మందీ ఆటోలో ఉంటారు. నేను బీఎడ్ చేశాను. నాకు ఏడుగురు.

నవంబరు 13

సరే, వాళ్లు రాకపోతే నేనే పోతాను అనుకుని పత్తి చేలోకి వెళ్లాను. అన్నాలు తినే వేళకి కొత్త ఓటు ఫారాలు తీశాను. కాయ ముళ్లకి గీరుకుపోయిన వేళ్లతో సంతకాలు పెట్టారు పాపం. పద్దెనిమిది నిండినా ఓటు లేనివాళ్లు ముఠాలోనే పధ్నాలుగు మంది తేలారు. "ఉంటే మాత్రం ఏం చేసుకుంటాం? మనూళ్లో ఓట్లు జరుగుతాయా?" అంది ఒకమ్మాయి.

నిజమే. ఎమ్మెల్యేకి వేస్తాం, ఎంపీకి వేస్తాం. పంచాయతీకి మాత్రం మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా పెట్టె తెరిచింది లేదు. ప్రతిసారీ ఏకగ్రీవమే. సర్పంచి ఎవరో, ఏ వార్డుకి ఎవరో పెద్ద రైతు పానకాలు గారి మిరప షెడ్డులో తేలిపోతుంది. మా పేట ఆరో వార్డు. మూడుసార్లుగా రూతమ్మ పిన్నే మెంబరు. పాపం పానకాలు గారింట్లో పనిచేస్తుంది, మంచి మనిషి. మీటింగులకి వాళ్లాయన వెళ్లి టీ తాగి వస్తాడు.

నా ఓటు కూడా మార్పించుకోవాలి. గుంటూరులో చదివేటప్పుడు హాస్టల్ అడ్రసు మీద రాయించుకున్నది, ఇంకా అక్కడే ఉంది. రేపు.

నవంబరు 22

మొత్తం ముప్పై తొమ్మిది ఫారాలు. అమ్మకి థాంక్స్ చెబితే "అదేం మాటే" అని కసిరింది.

డిసెంబరు 4

అరవై మూడు! మా ఒక్క వార్డులోనే ముప్పై ఒకటి. నాగూర్ వలి అన్నీ తన షాపులో కూర్చుని ఆన్‌లైన్లో ఎక్కించాడు. చివర్లో "నీదెక్కడ?" అన్నాడు. గడువు ఎల్లుండే అట. ఫోటో తేలేదు, రేపు తెస్తానన్నాను.

"స్తుతీ, నువ్వు నెల నుంచీ రేపే అంటున్నావు" అన్నాడు.

వీడికెందుకసలు?

డిసెంబరు 7

గడువు నిన్నటితో అయిపోయింది. జ్వరంగా ఉండి వెళ్లలేకపోయాను.

డిసెంబరు 8

జ్వరమేమీ లేదు. ఇక్కడైనా నిజం రాసుకోకపోతే ఎట్లా? గుంటూరు స్కూలు వాళ్లు ఇంటర్వ్యూకి పిలుస్తామన్నారు. ఉద్యోగం వస్తే వెళ్లిపోతాను కదా, ఇక్కడికి మార్పించుకుని ఏం లాభం అనుకున్నాను. అరవై మూడు మందికి "మన ఊరు, మన ఓటు" అని చెప్పిన నోరే ఇది.

అయినా ఒక్క ఓటుతో ఏమవుతుంది? ఎవరికీ తెలియదు, వలికి తప్ప. వాడు చెప్పడు.

జనవరి 18, ఆదివారం

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. సాయంత్రం షెడ్డులో పెద్దల కూటమి. ఏకగ్రీవం చేసుకుంటే ప్రభుత్వం ఇచ్చే నిధితో చర్చికి ప్రహరీ కట్టిస్తాం అన్నారట మా పేట వాళ్లతో.

వలి నిఘంటువు తీసి చూపించాడు. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. గ్రీవం అంటే మెడట! ఇన్నాళ్లూ తెలియనే తెలియదు. మహిమకి చెబితే, "అందుకేనా, ఊరందరికీ కలిపి ఒకటే తాడు సరిపోతంది" అంది. దీని నాలుక మీద ఏముందో గానీ నాకూ ఒక్కోసారి అసూయ వేస్తుంది.

జనవరి 20

మా వార్డు ఈసారి కూడా మహిళకే వచ్చింది. ముఠా పిల్లలంతా మా అరుగు మీద చేరారు. ఎవరో ఒకరు నిలబడితే చాలు, ఓట్లు జరుగుతాయి. గెలవక్కర్లేదు. ఓడిపోయినా సరే, పెట్టె తెరిస్తే చాలు. అదీ మా కోరిక.

"స్తుతక్క నిలబడాలి" అన్నారు అందరూ. మహిమ కూడా "నువ్వే అక్కా, చదువుకున్నదానివి" అంది.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "నడిపించేవాళ్లు పదవికి ఆశపడకూడదు, అది నైతికత" అన్నాను. గొంతు కూడా గంభీరంగా పెట్టాను. అందరూ మెచ్చుకుంటూ చూశారు. వలి మాత్రం చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఓటు లేనిచోట నిలబడే హక్కు కూడా ఉండదని వాడికి తెలుసు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అనలేదు.

మహిమ కాసేపు గోళ్లు కొరుక్కుని, "అయితే నేనుంటాలే. మా ఇంట్లో పోవటానికేముంది, మేకా?" అంది.

జనవరి 23

నామినేషన్ వేశాం. ప్రతిపాదించినది మా అమ్మ. ఒక్కో అక్షరం కూడబలుక్కుని ప్రే... మ... మ్మ అని సంతకం పెట్టింది. ఆఫీసరు ఓపిగ్గా ఆగాడు. బయటికొచ్చాక "రేషన్ కార్డు తర్వాత నేను పెట్టిన సంతకం ఇదే" అంది.

జనవరి 25, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి పానకాలు గారు మా వాకిట్లో ఉన్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం ప్రేమమ్మా, పిల్లల ఆటలకి నువ్వు కూడా చేరావా? రూతమ్మ మీ మనిషే గదా. మీలో మీకు తగువెందుకు? బుధవారం మూడింటి దాకా టైముంది, ఆ పిల్లని విత్‌డ్రా చేయించు."

అమ్మ చేతిలో బైబిలు గూట్లో పెట్టింది.

"చేయించకపోతే నా పదెకరాలకి వేరే ముఠాని చూసుకోవాల్సి వస్తది. మిగతా రైతులూ అదే అంటున్నారు. తర్వాత చెప్పలేదనుకోవద్దు."

"అట్టాగే అయ్యా, చూసుకోండి" అంది అమ్మ.

ఆయన వెళ్లాక లెక్కేసుకున్నాను. ముప్పై ఇళ్ల కూలి. నా పుస్తకాల పిచ్చికి ముప్పై ఇళ్లు. మహిమని విత్‌డ్రా చేయమందామా అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు నెలేందే?"

"జనవరి."

"మిరపకాయ ఎట్టా ఉంది చేలల్లో?"

పండి ఎర్రగా ఉంది. ఎవరి చేను చూసినా అంతే.

"మరి ఆయన ముఠాని యాడ నుంచి తెస్తాడు, ఆకాశం నుంచా? నీకు బీఎడ్‌లో ఏం చెప్పారే?" అని బియ్యం కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

జనవరి 26

పొద్దున ఐదింటికి అమ్మ కేక వేయలేదు. ముఠా ఎక్కడివాళ్లు అక్కడే. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో.

జనవరి 27

ఈరోజు కూడా ఎవరూ పోలేదు. పానకాలు గారి మనుషులు వినుకొండ దాకా ఆటో వేసుకుపోయి ఖాళీగా తిరిగొచ్చారట. కోతల కాలంలో కూలీలు దొరకడం అంటే మాటలా? కాయ ఇంకో రెండు రోజులు చెట్టు మీదే ఉంటే తాలు అవుతుంది, తెల్లబడిన కాయని యార్డులో ఎవరూ చూడరు. చిన్న రైతు ఒకాయన వచ్చి "పానకాలు తగువు పానకాలుది, నా అరెకరం ఏం పాపం చేసింది ప్రేమమ్మా" అని బతిమాలాడు. అమ్మ అతని చేలోకి మాత్రం పదిమందిని పంపింది.

నాకు లోపల భయం, పైకి ధైర్యం. మహిమకి మాత్రం లోపలా పైనా ఒకటే. రెండు రోజులుగా ఇంట్లో పడుకుని సెల్లు చూసుకుంటోంది.

జనవరి 28

మధ్యాహ్నం స్కూటరు చప్పుడు. పానకాలు గారు దిగలేదు, బండి మీద నుంచే "రేపు ముఠాని పంపు" అన్నారు.

"అట్టాగే అయ్యా" అంది అమ్మ. అంతే. మొన్న "చూసుకోండి" అన్న గొంతే. గెలిచినట్టు చిన్న నవ్వు కూడా లేదు ముఖంలో.

మూడు దాటింది. ఎవరూ విత్‌డ్రా చేయలేదు. ఆరో వార్డులో ఓట్లు జరుగుతాయి! ఊరు మొత్తంలో మాది ఒక్కటే, మిగతావన్నీ ఒకే మెడ. వలి పకోడీలు తెచ్చాడు. నేను ఏడ్చాను, పిచ్చిదానిలా. ఎందుకేడుస్తున్నావక్కా అని మహిమ అడిగితే సంతోషమని చెప్పాను. సగం అదే.

జనవరి 30

గుర్తులిచ్చారు. మహిమకి గౌను, రూతమ్మ పిన్నికి గ్యాస్ స్టౌ. "పుట్టాక ఒక్కసారీ గౌనేసుకోలేదు నేను, మా అన్న చొక్కాలే గతి" అని మహిమ గొణిగింది. పేటలో పిల్లలంతా "మన గౌను గౌను" అని అరుస్తున్నారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రాసుకోవాలి. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దున ఆరున్నరకే లైను. మా పిల్లలు పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. నేను బూతు సున్నం గీత బయట బల్ల వేసుకుని ఓటరు చీటీలు రాసిచ్చాను. అమ్మ ఓటేసి వచ్చి "నువ్వెప్పుడేస్తావే?" అంది. చివర్లో అన్నాను. పదింటికి మహిమ అడిగింది. చివర్లో అన్నాను. రెండింటికి మళ్లీ అమ్మ. "లైను లేదు గదే ఇప్పుడు" అంది. "వేసేశాను, నువ్వు అన్నానికి పోయినప్పుడు" అన్నాను. వేలు చూపించమని అడగలేదు అమ్మ. నా మాట మీద అంత నమ్మకం.

నాలుగింటికి లెక్కింపు. పోలైనవి నూట తొంభై తొమ్మిది. చెల్లనివి ఐదు. గౌను తొంభై ఏడు. గ్యాస్ స్టౌ తొంభై ఏడు.

మళ్లీ లెక్కపెట్టారు. తొంభై ఏడు, తొంభై ఏడు.

అయితే చీటీ తీయాలన్నాడు ఆఫీసరు. రెండు పేర్లు రాసి, మడిచి, స్టీలు గిన్నెలో వేసి ఒకటి తీశాడు. "రూతమ్మ" అని చదివాడు.

మహిమ ఆ గిన్నె వంకే చూస్తూ నిలబడింది. నేను గోడకి ఆనుకున్నాను. తొంభై ఎనిమిదో ఓటు గుంటూరులో ఒక హాస్టల్ అడ్రసు మీద ఉంది.

ఫిబ్రవరి 11

అందరూ దేవుని చిత్తం అంటున్నారు. జక్రయ్య పాస్టరు గారు ఇంటింటికీ తిరిగి ఓదారుస్తున్నారు. బైబిల్లో యేసుకి ద్రోహం చేసిన యూదా స్థానంలో మత్తీయని ఎన్నుకున్నది కూడా చీట్లతోనే, చీటీ మన చేత్తో వేసినా తీర్పు ప్రభువుదే అని చెబుతున్నారు. అమ్మ తలూపింది. మహిమ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

నా తప్పు తీసుకెళ్లి దేవుడి మీద పెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఫిబ్రవరి 12

మహిమ కోతకి పోయింది.

ఫిబ్రవరి 13

గుంటూరు స్కూలు నుంచి ఫోనొచ్చింది. ఎత్తలేదు.

ఫిబ్రవరి 14

వలి షాపుకి వెళ్లాను. ఒక్కమాటైనా ఎత్తిపొడుస్తాడనుకున్నాను. "టీ తాగుతావా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. నేనే అడిగాను, చెప్పమంటావా అని. "చెబితే చీటీ మారదు. చెప్పకపోతే నువ్వు మళ్లీ ఎవరి చేతా ఫారం నింపించలేవు" అన్నాడు. టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

పాటలయ్యాక పాస్టరు గారు ఎప్పటిలానే "సాక్ష్యాలు చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారా?" అన్నారు. జ్వరం తగ్గిందనీ, గేదె ఈనిందనీ ఇద్దరు చెప్పారు. తర్వాత నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. 

"మొన్న చీటీ తీసింది దేవుడు కాదు. నాకు ఇక్కడ ఓటు లేదు. గుంటూరులో ఉంది. మార్చుకోవడానికి టైముంది, కావాలనే మార్చుకోలేదు, ఊరొదిలి పోదామని. అమ్మకి వేశానని అబద్ధం చెప్పాను. నాకు ఓటుంటే మహిమ గెలిచేది."

 అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మహిమ ముందు వరసలో ఉంది, వెనక్కి తిరగలేదు.

కూర్చుందామనుకునేసరికి మగవాళ్ల వైపు నుంచి నతానియేలు లేచాడు. నవంబరులో నేను ఫారం నింపినవాడే. "నేను ఆరోజు మిరపకాయ లోడుతో గుంటూరు యార్డుకి పోయా. ఓటెయ్యలా. ఒక్కటేగా అనుకున్నా" అని గబుక్కున కూర్చున్నాడు.

తర్వాత క్రీస్తుదాసు. లేచి తల గోక్కున్నాడు. "నేను పోయాను గానీ... రెండు గుర్తుల మీదా గుద్దాను."

"రెంటి మీద ఎందుకురా?" అన్నారు పాస్టరు గారు, ప్రార్థనలో ఉన్నామని మర్చిపోయి.

"రూతమ్మ పిన్ని చిన్నప్పుడు నన్ను ఎత్తుకుంది గదండీ. మహిమేమో మా బ్యాచి. ఒకరికేసి ఒకరికి మానేస్తే బాగోదని ఇద్దరికీ సమానంగా గుద్దాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆడవాళ్లలోంచి ఒకావిడ కూర్చునే చెయ్యెత్తి "నేనూ అంతే" అంది. ఇంకో పక్క నుంచి ముసలాయన, "చెల్లదని నాకెవరూ చెప్పలేదయ్యా, రెండు చేతులా దీవించానే అనుకున్నా" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఓటు ఎలా రాయించుకోవాలో అందరికీ చెప్పాను, మిషను మీట నొక్కడమే తెలిసినవాళ్లకి కాగితం మీద ఎక్కడ గుద్దాలో చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా పంచాయతీ ఎన్నికే చూడని వార్డులో తగువంటే తెలియదు మా వాళ్లకి, అందరినీ సంతోషపెట్టడమే తెలుసు.

నవ్వులు సద్దుమణగక ముందే రూతమ్మ పిన్ని లేచింది. ఆవిడ సాక్ష్యం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను మూడుసార్లు మెంబర్నయ్యాను గానీ ఓటుపెట్టె ఎట్టుంటదో మొన్నే చూశాను. గదిలోకి పోయి కాయితం తీసుకున్నాక నాకు సిగ్గేసింది. నాకు నేనే ఏసుకుంటే ఏం బాగుంటది? ఆ పిల్ల కష్టపడుతుంది గదా అని మహిమకే ఏశాను."

వేళ్లు మడిచి చూసుకున్నాను. అంటే రూతమ్మ పిన్ని తన ఓటు తనకే వేసుకుని ఉంటే చీటీ దాకా వచ్చేదే కాదు. మహిమ అక్కడికక్కడే ఓడిపోయేది.

"మొదటి మీటింగు శుక్రవారమంట" అంది పిన్ని. "ఈసారి మా ఆయన్ని పంపను. నేనే పోతాను. కానీ ఏం అడగాలో నాకు తెలియదు. మహిమా, నాతో వస్తావంటే..."

మహిమ అప్పుడు తిరిగింది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. గొంతు మాత్రం దానిదే.

"వస్తాలే పిన్నీ. చేతిపంపు సంగతి, వీధి లైట్ల సంగతి అన్నీ రాసుకుని వస్తా. కానీ ఒకటి. వచ్చేసారి నీ ఓటు నువ్వేసుకో. నీ ఓటుతో నీ మీద గెలవటం నాకొద్దు. ఓడించే గెలుస్తా."

పాస్టరు గారు "ఆమేన్" అన్నారు. ఏ మాటకన్నారో ఆయనకే తెలియాలి.

బయటికొచ్చాక మహిమ నన్ను దాటుకుపోయి అమ్మతో ఏదో అంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అమ్మ దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చి అన్నం పెట్టింది, పక్కన కూర్చుంది, నేను తినేదాకా లేవలేదు. చివరికి కంచం తీస్తూ అంది: "రేపు ఐదింటికి లేవాలి నువ్వు. ముఠాలో ఒక మనిషి తగ్గింది. మహిమ నిన్నే పిలవమంది, దాని పక్క సాలులోకి."

నిజంగా అందా అన్నాను.

"అంది. గుంటూరు ఓటర్లకి కూలి ఇచ్చేది లేదంట, ఊరికే కోయాలంట."